బ్యాంకు లోన్ శాంక్షన్ లెటర్ 9వ పేజీ చదవకుండా సంతకం పెట్టకండి

వరంగల్ ఎనుమాముల పత్తి మార్కెట్‌ని నమ్ముకుని జిన్నింగ్ మిల్లులు (పత్తి నుంచి గింజ తీసే మిల్లులు) నడిపేవాళ్లూ, కొత్తగా బ్యాంకు లోన్‌కి తిరుగుతున్నవాళ్లూ ఇది చదవండి. మేం ఒక్క కిస్తీ ఆపలేదు, ఒక్క చెక్కు బౌన్స్ కాలేదు, అయినా మాకు పీనల్ చార్జీ, అంటే జరిమానా, పడింది. ఎందుకంటే 9వ పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్న కవనెంట్, అంటే లోన్ తీరేదాకా మనం పాటించాల్సిన షరతు, తప్పామట.

అందులో ఉన్నదేంటంటే, బయటి అప్పులన్నీ కలిపి మన సొంత పెట్టుబడికి 3 రెట్లు దాటొద్దు. మా పెట్టుబడి 80 లక్షలు, బామ్మర్ది సర్దిన 40 లక్షలు, బయటి బాకీలు 3 కోట్ల 30 లక్షలు. బ్యాంకు బాకీ తీరేదాకా తన డబ్బు అడగనని బామ్మర్ది లెటర్ రాసిచ్చాడు కాబట్టి ఆ 40 లక్షలు కూడా సొంత పెట్టుబడిలోనే కలిపారు, లెక్క 2.75 వచ్చింది, లోన్ పాసైంది. ఆ లెటర్ ఏదో ఫార్మాలిటీ అనుకున్నాం. ఫిబ్రవరిలో ఆయన కూతురి పెళ్లి. అడిగితే లేదంటామా? ఇచ్చేశాం. మార్చి 31 బ్యాలెన్స్ షీట్‌లో ఆ లెక్క 4 దాటింది.

ఆ తేదీ ఒకటి మన ప్రాణానికి. పత్తి సీజన్ దసరా నుంచి మొదలైతే మార్చికి గోడౌన్ నిండా బేళ్లు, సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్, అంటే సరుకు మీద బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు, మొత్తం వాడేసి ఉంటుంది, రేటు కోసం ఆగినవాళ్లకైతే చెప్పే పనే లేదు. సరిగ్గా అప్పుడే కొలుస్తారు. కరెంట్ రేషియో (ఏడాదిలోపు డబ్బయ్యే ఆస్తులు ఏడాదిలోపు కట్టాల్సిన అప్పులకి ఎన్ని రెట్లో ఆ లెక్క) 1.33 ఉండాలన్నది ఇంకో షరతు, వచ్చే ఏడాది కట్టాల్సిన టర్మ్ లోన్ కిస్తీలు కూడా అందులో అప్పు వైపే పడతాయని మా ఆడిటర్ చెప్పేదాకా నాకు తెలియదు.

బ్యాంకు మేనేజర్‌కి ఫోన్ చేస్తే "ఏం కాదు సార్, చూసుకుందాం" అన్నాడు. జూలైలో ఆడిట్ రిపోర్ట్ ఇచ్చాక నోటీసు వచ్చింది, అప్పటికి ఆయన ట్రాన్స్‌ఫర్! రెండున్నర కోట్ల బ్యాంకు బాకీ మీద ఏడాదికి 1 శాతం, అంటే రెండున్నర లక్షలు. దాని మీద జీఎస్టీ కూడా వేశారు. పీనల్ చార్జీల మీద జీఎస్టీ లేదని 2025 జనవరిలోనే సర్క్యులర్ వచ్చిందని ఆడిటర్‌తో లెటర్ పెట్టిస్తే అదొక్కటి తీసేశారు. ఆర్‌బీఐ 2023 ఆగస్టు సర్క్యులర్ ప్రకారం పీనల్ చార్జీని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు, మీ స్టేట్‌మెంట్ కూడా ఓసారి చూసుకోండి.

సంతకానికి ముందే అడగండి: ఏ అప్పులు లెక్కలోకొస్తాయి, ఏ తేదీన కొలుస్తారు, తప్పితే సరిచేసుకోవడానికి ఎన్ని రోజులిస్తారు. పత్తి ఎత్తే లోడర్ బండి ఫైనాన్స్‌లో తీసుకున్నా ఆ అప్పు లెక్కకొస్తుంది, దానికీ ముందే పర్మిషన్ కావాలి. ఇంటివాళ్ల డబ్బు తిరిగివ్వాల్సొస్తే ముందు బ్యాంకుకి మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే ఇవ్వండి. మేం ఇప్పుడు ఆ 3 రెట్లని 4 చేయమని అప్లికేషన్ పెట్టాం, దానికి ప్రాసెసింగ్ ఫీజు వేరే అడుగుతున్నారు. మీలో ఎవరైనా అది తగ్గించుకోగలిగితే ఎలాగో చెప్పండి.