కలాం గారి 'టర్నింగ్ పాయింట్స్' చదివాక

అబ్దుల్ కలాం గారు రాష్ట్రపతిగా ఉన్న రోజుల గురించి రాసిన ఈ పుస్తకం కొంటే మొదటి పేజీ నుంచి కాకుండా, వివాదాస్పద నిర్ణయాల గురించి రాసిన అధ్యాయం నుంచి మొదలుపెట్టండి. నన్ను పట్టేసింది అదే.

2005లో బిహార్ అసెంబ్లీ రద్దు సంగతి గుర్తుందా? ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు, కేంద్ర మంత్రివర్గం రద్దుకు సిఫార్సు చేసింది, అప్పుడు మాస్కోలో ఉన్న కలాం గారు ప్రధాని మన్మోహన్ సింగ్‌తో ఫోన్లో మాట్లాడి అక్కడి నుంచే సంతకం పెట్టారు. తర్వాత సుప్రీంకోర్టు ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని తేల్చేసింది. దాంతో ఆయన రాజీనామా లేఖ రాసి పెట్టుకున్నారట! ప్రధాని వచ్చి, ఇప్పుడు మీరు తప్పుకుంటే ప్రభుత్వమే పడిపోవచ్చని బతిమాలాక, రాత్రంతా ఆలోచించి, తెల్లవారుజామున నమాజు చేసుకుని ఆ ఆలోచన మానుకున్నారు. పదవిలో ఉండగా తనను ఇంతగా కుదిపేసిన సంగతిని ఇలా ఒప్పుకుని రాసే నాయకులు మనకు ఎంతమంది ఉన్నారు? అందుకే ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

కొన్ని ప్రభుత్వ పదవుల్లో ఉన్నా ఎంపీలపై అనర్హత వేటు పడకుండా చూసే లాభదాయక పదవుల బిల్లును 2006లో పార్లమెంటుకు తిప్పి పంపడం, 2004లో సోనియా గాంధీ ప్రధాని అవుతారనుకుని రాష్ట్రపతి భవన్ లేఖ సిద్ధం చేసుకుంటే చివరికి మన్మోహన్ సింగ్ పేరుతో మార్చాల్సి రావడం, ఇవి కూడా ఉన్నాయి. సోనియా గారు కోరి ఉంటే ప్రమాణం చేయించడం తప్ప తనకు వేరే దారి లేదని సూటిగా రాశారు. ఆమెను ప్రధానిని చేయడానికి కలాం గారే ఒప్పుకోలేదని ఎన్నేళ్లు ఎన్ని పుకార్లు నడిచాయో మనందరికీ తెలుసు కదా, ఆ ఒక్క మాట కోసమైనా ఈ పుస్తకం ఇంట్లో ఉండాలి.

గుజరాత్ అధ్యాయం చిన్నదే. రాష్ట్రపతి అయిన కొన్ని వారాలకే, 2002 ఆగస్టులో, అల్లర్లు జరిగిన చోట్లకు వెళ్లారు. ఇప్పుడు వెళ్లడం అవసరమా అని అప్పటి ప్రధాని వాజ్‌పేయి అడిగినా వెళ్లారు. శిబిరంలో ఓ చిన్న పిల్లవాడు ఆయన చేతులు పట్టుకుని అమ్మానాన్న కావాలని అడిగిన చోట నేను పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

లోపాలు కూడా ఉన్నాయి. ప్రసంగాల ముక్కలు ఎక్కువ, దేశాభివృద్ధి ప్రణాళికల గురించి చెప్పిందే మళ్లీ చెప్పారు, ఆ పేజీలు నేను గబగబా తిప్పేశాను. ఆయన ఆత్మకథ 'వింగ్స్ ఆఫ్ ఫైర్' లాగా కథలా సాగుతుందనుకుంటే మాత్రం నిరాశ పడతారు. నాకు నిజంగా బాధ కలిగించింది ఏంటంటే, బిహార్ లాంటి ఘట్టాన్ని కొద్ది పేజీల్లోనే ముగించేయడం. మాస్కోలో ఆ రాత్రి సంతకం పెట్టేముందు ఆయన మనసులో ఏం నడిచిందో ఇంకా వివరంగా రాయాల్సింది.

2012లో హార్పర్ కాలిన్స్ వేసింది. నేను చదివింది ఇంగ్లీషులో, ఇంటర్ పిల్లలకు కూడా ఇబ్బంది ఉండదు, అంత తేలిక భాష. మా నాన్నగారికి ఇంగ్లీషు రాదు, బిహార్ భాగం తెలుగులో చెబుతూ చదివి వినిపిస్తే మర్నాడు మళ్లీ చదవమన్నారు.