సెట్టును మోసే పంటికి వెండి సిమెంటా, తెల్ల సిమెంటా?

తీసి పెట్టుకునే పళ్ల సెట్టు దానంతటదే నిలబడదు, పక్కనున్న సొంత పళ్లే మోయాలి. సెట్టు కొక్కెం ఆ పన్నును పట్టుకుంటుంది. ‘రెస్ట్’ అనే చిన్న మెటల్ నాలుక పంటిపైన చెక్కిన గుంటలో కూర్చుంటుంది. ఆ గుంట లోతు మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర. ముద్ద నమిలినప్పుడల్లా బరువు పడేది అక్కడే. మరి అక్కడ పన్ను బదులు సిమెంట్ ఉంటే?

వెండి సిమెంట్, అంటే అమాల్గం, నొక్కుడుకు బాగా ఆగుతుంది. పలచనైతే మాత్రం పెళుసు. గుంట చెక్కాక కింద మందం మిగలకపోతే ముక్క ఊడి వస్తుంది. పూర్తి బలం రావడానికి 24 గంటలు పడుతుంది కాబట్టి, పెట్టిన రోజే చెక్కించుకోకూడదు. అదే చోట ఏళ్ల తరబడి ఒత్తిడి పడితే మెల్లగా సాగుతుంది కూడా. ఇక ఇందులో కలిసే పాదరసం గొడవ ఉండనే ఉంది: యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి నుంచి దీని వాడకం దాదాపు ఆపేశారు.

తెల్లది, కాంపోజిట్, నీలి లైటు పడగానే గట్టిపడి పంటికి అతుక్కుంటుంది. పెట్టేటప్పుడు ఉమ్మి తగిలిందా, అతుకు చెడినట్టే. సెట్టు రోజూ తీసి పెడుతుంటే కొక్కెం రాసుకుని అరుగుతుంది.

చిన్న సిమెంట్ అయితే నా ఓటు తెల్లదానికే, అదీ గుంట వీలైనంత వరకు ఎనామెల్‌లోనే, అంటే పంటి గట్టి పైపొరలోనే పడితే. సగం పన్ను సిమెంటే అయితే రెండూ వద్దు. సెట్టు కొలతలు తీయకముందే, గుంటతో సహా క్యాప్ చేయించుకోవడం మేలు.