రెండేళ్ల స్టూడెంట్ ఇన్సూరెన్స్, రోజుకో థైరాయిడ్ మాత్ర

మా అమ్మ రోజూ పొద్దున అయిదున్నరకి లేచి పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. ఆ తర్వాత గంట దాకా టీ ముట్టదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఆ 120 మాత్రల డబ్బా నేను ఇంటర్ చదివేటప్పటి నుంచీ ఉంది. అందుకే 2022 ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా బయల్దేరే ముందు నాకు జుట్టు కుచ్చులుగా రాలుతుంటే, మధ్యాహ్నం రెండయ్యేసరికి కళ్లు మూతలు పడుతుంటే అమ్మకి వెంటనే అనుమానం వచ్చింది. "పోయేముందు ఒక్కసారి టెస్టు చేయించుకో బిడ్డా, నాకున్నట్టే నీకూ ఉందేమో" అంది.

చేయించుకోలేదు. మా కన్సల్టెన్సీలో ఒకాయన "ఇప్పుడు టెస్టులు పెట్టుకోకండి మేడమ్, రిపోర్టులో ఏదైనా వస్తే ప్రీ-ఎగ్జిస్టింగ్, అంటే ముందునుంచే ఉన్న జబ్బు అయిపోద్ది, ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వరు" అన్నాడు. వీసా టెన్షన్‌లో ఉన్నదాన్ని, సరే అనుకున్నా. తర్వాత రెండేళ్లు అక్కడి యూనివర్సిటీ ఇన్సూరెన్స్ వాడాక తెలిసింది, ఆ సలహా రెండు రకాలుగా తప్పని. ఎలాగో కింద చెప్తాను.

ముందు ఇన్సూరెన్స్ ఎలా వచ్చిందో చెప్పాలి. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లకి ఇన్సూరెన్స్ ఉండాలని అమెరికా ప్రభుత్వ నిబంధనేమీ లేదు. జె-1 అనే ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ వీసా వాళ్లకే ఉంది. మనల్ని అడిగేది యూనివర్సిటీ. నేను ఇక్కడే 31,000 రూపాయలు పెట్టి స్టూడెంట్ ట్రావెల్ పాలసీ ఒకటి కొనుక్కుని వెళ్లి, యూనివర్సిటీ ప్లాన్ వద్దని వేవర్‌కి అప్లై చేశా. మూడో రోజే రిజెక్ట్ చేశారు. ముందునుంచీ ఉన్న జబ్బుల్ని మినహాయించే పాలసీ మాకు చెల్లదన్నారు. ఫీజు బిల్లులో 2,380 డాలర్లు తగిలించారు. అంటే అప్పటి లెక్కలో దాదాపు రెండు లక్షలు. హాస్టల్ గదిలో కూర్చుని నాన్నకి ఫోన్ చేసి ఏడ్చాను. ఇక్కడి పాలసీ అప్పటికే మొదలైపోయింది కాబట్టి ఆ డబ్బు కూడా వెనక్కి రాలేదు.

జనవరికి నా పరిస్థితి ఘోరం. చలికాలం కాబట్టి అందరికీ చలే, నాకు మాత్రం హీటర్ పక్కన కూడా చలే. నెలసరి పది రోజులు. కాళ్లూ చేతులూ ఎండిన బీరకాయ పీచులాగా. అమ్మ వీడియో కాల్‌లో చూసి "ముఖం ఉబ్బింది" అని ఒకటే గోల. ఫిబ్రవరిలో క్యాంపస్ హెల్త్ సెంటర్‌కి వెళ్లా.

మా ప్లాన్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది ఈ హెల్త్ సెంటరే. చూపించుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు, కో-పే అని వెళ్లిన ప్రతిసారీ కట్టే వాటా కూడా లేదు, అపాయింట్‌మెంట్ రెండు రోజుల్లో దొరికింది. చూసింది డాక్టర్ కాదు, నర్స్ ప్రాక్టీషనర్. ఆవిడే పరీక్షలు రాస్తుంది, మందులూ రాస్తుంది. మన దగ్గర డాక్టర్ దగ్గర అయిదు నిమిషాలు దొరికితే గొప్ప, ఆవిడ నాతో అరగంట మాట్లాడింది. ఏమేం మాత్రలు వాడుతున్నావని అడిగితే, జుట్టు కోసం హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న బయోటిన్ సంగతి చెప్పా. అది రెండు రోజులు ఆపేసి రమ్మంది. బయోటిన్ కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో థైరాయిడ్ లెక్కల్ని తారుమారు చేస్తుందట, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్, థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది) ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుందట. జుట్టు రాలుతోందని బయోటిన్ మింగుతూ, ఆ జుట్టు ఎందుకు రాలుతోందో చెప్పే పరీక్షనే పాడుచేసుకునేదాన్ని. మన కాలనీ మెడికల్ షాపుల్లో ఆ మాత్ర అడిగితే చాక్లెట్ ఇచ్చినట్టు ఇచ్చేస్తారు, ఈ మాట ఒక్కరూ చెప్పరు.

టీఎస్‌హెచ్ 11.8 వచ్చింది. మామూలుగా 4 దగ్గర ఆగాలి. వెంటనే మాత్ర మొదలుపెట్టకుండా, కొన్ని వారాలు ఆగి ఇంకోసారి టీఎస్‌హెచ్, దాంతోపాటు ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ పరీక్ష, థైరాయిడ్ మీద పడే టీపీఓ యాంటీబాడీల పరీక్ష చేయించారు. యాంటీబాడీలు బాగా ఎక్కువ. హషిమోటో అన్నారు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద పడుతుంది. 1912లో దాని గురించి రాసిన జపాన్ డాక్టర్ పేరే జబ్బుకి పెట్టారట. అమ్మకి చెప్తే, "పేరేదైనా మాత్ర అదేనా?" అంది. అదే.

ఈ మధ్యలో అసలు తలనొప్పి. క్యాంపస్‌లో రక్తం తీసుకున్నా, పరీక్ష చేసింది బయటి ల్యాబ్. మార్చిలో నాకు 286 డాలర్ల బిల్లు వచ్చింది. ఇన్సూరెన్స్ కట్టనంది. కారణం, మొదటి పరీక్షని జనరల్ చెకప్ కింద రాసి పంపారు. ఏ ఇబ్బందీ లేని మనిషికి ఊరికే చేసే థైరాయిడ్ పరీక్షకి మా ప్లాన్ డబ్బివ్వదు. కానీ నాకు ఇబ్బంది ఉంది కదా! అక్కడ ప్రతి జబ్బుకీ, ప్రతి లక్షణానికీ ఒక కోడ్ ఉంటుంది. జబ్బు తేలేదాకా లక్షణం కోడ్ రాయాలి. నీరసానికి ఆర్53.83. తేలాక హైపోథైరాయిడిజానికి, అంటే థైరాయిడ్ మందగించడానికి ఈ03.9, హషిమోటోకి ఈ06.3. హెల్త్ సెంటర్ బిల్లింగ్ విభాగానికి నాలుగుసార్లు ఫోన్ చేసి, "నేను నీరసమని వచ్చాను, నోట్‌లో ఆ మాటే ఉంది, చూడండి" అని బతిమాలితే కోడ్ మార్చి మళ్లీ పంపారు. ఏడు వారాల తర్వాత 286 కాస్తా 54 అయింది. ఇన్సూరెన్స్‌కీ ల్యాబ్‌కీ మధ్య ఒప్పందం ప్రకారం ఆ పరీక్షల అసలు రేటు అంతేనట! మిగతా 232 ఎవరికోసం వేశారో ఆ దేవుడికే తెలియాలి.

అందుకే చెప్తున్నా, ల్యాబ్ నుంచి బిల్లు రాగానే కంగారుపడి కార్డుతో కట్టేయొద్దు. ముందు ఇన్సూరెన్స్ వెబ్‌సైట్‌లో ఈఓబీ అనే కాగితం చూడాలి. 'ఇది బిల్లు కాదు' అని దానిమీదే రాసి ఉంటుంది. ఎంత అడిగారు, ఎంత ఒప్పుకున్నారు, మన వాటా ఎంత అన్నీ అందులోనే ఉంటాయి. ఆ మన వాటా, బిల్లులో అడిగింది ఒకటే అయితేనే కట్టాలి. మొదటి సెమిస్టర్‌లో నా రూమ్మేట్ పంటి బిల్లు ఒకటి వచ్చింది వచ్చినట్టే కట్టేసింది. వెనక్కి తెచ్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

మెడ తడిమి చూసినప్పుడు ఎడమవైపు చిన్న గడ్డలా తగులుతోందని మే నెలలో అల్ట్రాసౌండ్‌కి పంపారు. ఆ వారం రోజులు నిద్ర లేదు. రిపోర్టులో చిన్న నోడ్యూల్, సూదితో తీసి చూడక్కర్లేదు, ఏడాది తర్వాత మళ్లీ స్కాన్ చాలన్నారు. స్కాన్ బిల్లు 940 డాలర్లు, ఒప్పందం రేటు 310. నా డిడక్టిబుల్ 350, అంటే ఏడాదిలో అంతవరకూ మన జేబులోంచే. రెండుసార్లు రక్తపరీక్షలకి 125 పోయింది కాబట్టి ఇంకా 225 మిగిలింది, అది నేనే కట్టా. తర్వాతి 85లో నా వాటా నూటికి ఇరవై చొప్పున 17. అంతా కలిపి మొదటి ఏడాది థైరాయిడ్ కోసం బయట కట్టింది 367 డాలర్లు, మాత్రలు కాక. ఆగస్టులో కొత్త ప్లాన్ ఏడాది మొదలైతే డిడక్టిబుల్ మళ్లీ సున్నా నుంచి. అందుకే రెండో స్కాన్ కూడా 2024 జులైలోనే, పాత ఏడాదిలో పడేలా చేయించుకున్నా.

హెల్త్ సెంటర్ రెఫరల్ లేకుండా స్కాన్‌కి గానీ స్పెషలిస్టు దగ్గరికి గానీ వెళ్తే మా ప్లాన్‌లో అసలు లెక్కలోకే తీసుకోరు. మనవాళ్లకి ఇది జీర్ణం కాదు. ఇక్కడ కాలు నొప్పైతే నేరుగా ఆర్థోపెడిక్ దగ్గరికి వెళ్లిపోతాం కదా. ఎండోక్రైనాలజిస్ట్ (థైరాయిడ్ లాంటి హార్మోన్ జబ్బుల స్పెషలిస్టు) అపాయింట్‌మెంట్ అడిగితే నాలుగు నెలల తర్వాత తేదీ ఇచ్చారు. ఆ తేదీ వచ్చేసరికి నా టీఎస్‌హెచ్ 3.1కి దిగింది, క్యాన్సిల్ చేసుకున్నా.

మాత్రల సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు, అక్కడ ఆ డోసు మాత్ర తెల్లగా ఉంటుంది. ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తే నెలకి 10 డాలర్లు. కార్డు చూపకుండా పెద్ద షాపు ఫార్మసీలో మూడు నెలలకి ఒకేసారి కొంటే అంతకన్నా చవక పడింది, నేను అలాగే కొన్నా. అమ్మ మాత్రం ఊరుకోక, వస్తున్న ఒకబ్బాయి సూట్‌కేసులో తన బ్రాండ్ డబ్బా పంపింది. నర్స్ వద్దంది. అదే మందైనా కంపెనీ మారితే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ మళ్లీ చూసుకోవాలట. ఐరన్, కాల్షియం మాత్రలకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. నేను మొదటి నెల రెండూ కలిపి మింగాను, ఇక పనిచేస్తుందా!

2023 డిసెంబర్‌లో ఇంటికొచ్చినప్పుడు మా వీధి చివర డయాగ్నస్టిక్ సెంటర్‌లో థైరాయిడ్ ప్రొఫైల్ చేయించుకున్నా. 550 రూపాయలు, సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు. కోడూ లేదు, రెఫరలూ లేదు. టీఎస్‌హెచ్ యూనిట్లు రెండు దేశాల్లోనూ విలువకి ఒకటే కాబట్టి ఆ కాగితం పట్టుకెళ్లి అక్కడ చూపిస్తే ఒప్పుకున్నారు. సెలవుల్లో వచ్చేవాళ్లు ఆ పని ఇక్కడే చేసుకోవడం మంచిది.

ఇప్పుడు కన్సల్టెన్సీ ఆయన సలహా సంగతి. మా పెద్దమ్మ కూతురు వేరే రాష్ట్రంలో చదివింది. వాళ్ల కాలేజీ వేవర్ ఇచ్చింది కాబట్టి ఇక్కడి ట్రావెల్ పాలసీతోనే నెట్టుకొచ్చింది. ఆవిడా నాలాగే టెస్టు చేయించుకోకుండా వెళ్లింది. అక్కడ డాక్టర్‌తో మాటల్లో "రెండేళ్ల నుంచీ జుట్టు రాలుతోంది" అంది. డాక్టర్ అదే నోట్‌లో రాశాడు. పాలసీ వాళ్లు ఆ నోట్ తెప్పించుకుని, లక్షణాలు పాలసీకి ముందే ఉన్నాయని క్లెయిమ్ కొట్టేశారు. రిపోర్టు లేకపోవడం ఆవిడకి ఏ విధంగానూ కలిసిరాలేదు. నాకేమో యూనివర్సిటీ ప్లాన్. 2014 నుంచి అలాంటి ప్లాన్లు పాత జబ్బని చెప్పి తప్పించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. నేను ఇక్కడ రిపోర్టు తీసుకుని వెళ్లినా ఏమీ అయ్యేది కాదు, పైగా మాత్ర ఆరు నెలల ముందే మొదలయ్యేది. ఆ చలికాలం నాకు తప్పేది.

ఆ అక్క ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి అక్కడితో వదిలేసింది. కంపెనీ జవాబు నచ్చకపోతే, లేదా నెల రోజుల్లో జవాబే రాకపోతే, హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తీర్చే అధికారి) ఆఫీసు ఉంది. ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. సిటీ బస్సులో వెళ్లి ఇచ్చి రావాల్సిన కాగితం, బద్ధకించింది.

రేటింగ్ అడిగితే, హెల్త్ సెంటర్‌కి అయిదుకి నాలుగున్నర. బిల్లింగ్‌కి ఒకటి. మొత్తంగా మూడు. ఒక్క థైరాయిడ్ లెక్కే చూస్తే రెండేళ్లకి కట్టిన నాలుగు లక్షల ప్రీమియం శుద్ధ దండగ. ఆ డబ్బుతో అమ్మా నేనూ ముసలివాళ్లమయ్యేదాకా మాత్రలు కొనుక్కోవచ్చు. కాకపోతే మెడలో గడ్డ తగిలిన ఆ వారం, అది క్యాన్సర్ అయితే ఎంతవుతుందో అని రాత్రంతా ఫోన్‌లో వెతికినప్పుడు, మా ప్లాన్‌లో ఏడాదికి మన జేబులోంచి ఇంతకు మించి పోదనే ఒక హద్దు ఉందని చూసి ఫోన్ పక్కన పెట్టి పడుకున్నా. మా అక్క పాలసీలో హద్దు ఎదురువైపు ఉంది, కంపెనీ ఇచ్చేదానికి.

2024 ఆగస్టులో ప్లాన్ అయిపోయింది. ఉద్యోగం దొరక్క నవంబర్‌లో వెనక్కి వచ్చేశా. ఇక్కడ హెల్త్ పాలసీ తీసుకునేటప్పుడు ఫారంలో హైపోథైరాయిడ్ అని, నోడ్యూల్ అని, రెండు స్కాన్ల తేదీలతో సహా రాశా. ఏజెంట్ "ఇవన్నీ ఎందుకు మేడమ్" అన్నాడు. రాయమనే చెప్పా. మొన్న ఫిబ్రవరిలో పాత రూమ్మేట్ వాట్సాప్‌లో ఒక కవర్ ఫోటో పంపింది. రెండో స్కాన్ తాలూకు 12 డాలర్ల బిల్లు. ఈఓబీ తెరిచి చూశా, సరిపోయింది. కట్టేశా.