అంచు డిజైన్‌కా, షాపు పేరుకా: ముందు దేన్ని రిజిస్టర్ చేయించాలి?

ఉమ్మడి అనంతపురం జిల్లా ధర్మవరంలో సొంతంగా చీరలు నేయించి అమ్ముకునేవాళ్ల బాధ ఒకటే. కొత్త అంచు వేయిస్తే కొన్నాళ్లకే అది పవర్‌లూమ్‌లో దిగిపోతుంది. దీనికి మూడు దారులున్నాయి, దేని పని దానిదే.

డిజైన్ రిజిస్ట్రేషన్ నేరుగా ఆ అంచునే కాపాడుతుంది. 2000 నాటి చట్టం కింద 10 ఏళ్లు, కావాలంటే ఇంకో 5 ఏళ్లు. చిక్కేమిటంటే, దరఖాస్తు పెట్టేనాటికి ఆ డిజైన్ ఎవరి కంటా పడి ఉండకూడదు. మనమేమో చీర మగ్గం దిగీ దిగకముందే కొంగు పరిచి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేస్తాం. ఆర్డర్లయితే వస్తాయి. రేపు కేసు పడితే అవతలి లాయరు ఆ ఫోటో, దాని తేదీ చూపించి రిజిస్ట్రేషన్ రద్దు చేయమంటాడు. హంసలు, నెమళ్ల పాత బుటాల సంగతి ఎత్తనే అక్కర్లేదు, అవి ఎవరి సొత్తూ కావు. పండక్కో డిజైన్ మార్చే వ్యాపారంలో ప్రతిదానికీ ఫీజు కట్టడం దండగ కూడా. జాకార్డ్ కార్డులకు (మగ్గం మీద డిజైన్ దించే చిల్లుల అట్టలు) బాగా ఖర్చు పెట్టి, ఏళ్ల తరబడి అమ్ముదామనుకున్న ఒకటి రెండింటికే చేయించండి, అదీ ఫోటో బయటికి వెళ్లకముందే.

ధర్మవరం చేనేత పట్టు చీరలకు, పావడాలకు ఉన్న జీఐ (భౌగోళిక గుర్తింపు), అంటే సరుకుకు దాని ఊరి పేరు మీద ఇచ్చే గుర్తింపు, ఊరంతటిది. పవర్‌లూమ్ సరుకును ధర్మవరం చేనేత అని అంటగట్టేవాడి మీద అది పనికొస్తుంది. పక్కవీధివాళ్లు మీ అంచు దించితే మాత్రం దానితో ఏమీ చేయలేరు. అయినా ఆ జీఐని వాడుకునే హక్కున్న వాడకందారుగా పేరు నమోదు చేయించుకోండి. 2020లో ఆ ఫీజును 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు, టీ ఖర్చు!

నన్నడిగితే ముందు ట్రేడ్‌మార్కే, అంటే షాపు పేరు రిజిస్ట్రేషనే. డిజైన్ పాతబడుతుంది, పేరు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు మళ్లీ వస్తారు. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు (సరుకు రకానికి) 4,500 రూపాయలు. 10 ఏళ్లకోసారి ఎన్నిసార్లయినా రెన్యువల్ చేయించుకోవచ్చు. జీఎస్టీ సర్టిఫికెట్‌లో పేరుంది కదా అని ధీమా వద్దు, అది పన్ను కట్టడానికే. "ధర్మవరం సిల్క్స్" లాంటి పేరు ఒక్కరికే రాసివ్వడం కష్టం, ఊరితో సంబంధం లేని పేరు చూసుకోండి. దరఖాస్తు పెట్టగానే పేరు పక్కన టీఎం వేసుకోవచ్చు. సున్నాలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ అయ్యాకే, ముందే వేస్తే నేరం.

అన్నదమ్ములు కలిసి నడిపే షాపైతే, ఆ పేరు ఎవరి మీద ఉండాలో దరఖాస్తుకు ముందే కాగితం మీద రాసుకోండి. వేరుపడ్డాక ఇద్దరూ అదే బోర్డు పెడితే, అప్పుడు బయటి కాపీదారుడితో కాదు, ఇంట్లోనే కేసు.