మే అనాల్నా, మైట్ అనాల్నా?

ఇంగ్లీష్ల మే, మైట్ రెండిట్ల ఏది వాడాలెనని మా తమ్ముడు ఒకటే అడుగుడు. నల్గొండ బస్టాండ్ల మిర్యాలగూడ బస్సు కోసం చూస్తున్నం అనుకో, 'ద బస్ మే కమ్' అన్నా 'మైట్ కమ్' అన్నా బస్సు రావొచ్చు అనే, కాకపోతే మైట్ అంటే నమ్మకం జర తక్కువ, మనం 'వస్తదేమో తియ్' అన్నట్టు, అది గూడ పెద్ద తేడా ఏం కాదు, మాటల్ల ఇంగ్లీషోళ్లు మైటే ఎక్కువ వాడుతరు.

అసలు లొల్లంత మే తోని. మన 'పోవచ్చు' లెక్కనే దానికి రెండర్థాలు, పోయే అవకాశం ఉందనీ, పొమ్మని పర్మిషన్ ఇచ్చిననీ. 'యు మే నాట్ గో' అంటే పోవద్దనా, పోకపోవచ్చనా? మైట్ నాట్ అంటే ఈ పరేషాన్ లేదు.

ఇగ జరిగిపోయిన ముచ్చట. 'హి మే హావ్ ఫాలెన్' అంటే పడ్డడో లేదో ఇంకా తెల్వది. మైట్ హావ్ గూడ అట్లనే వాడొచ్చు, కానీ జరంతల తప్పించుకున్నడు లేకపోతే పడుతుండె అనాలంటే మాత్రం మైట్ హావే, అక్కడ మే పెడితే చాలామందికి తప్పే అనిపిస్తది.

నేనైతే డౌటుంటే మైటే కొడత, పర్మిషన్ అడిగేటప్పుడు తప్ప. బడిల నేర్చిన 'మే ఐ కమిన్ సార్' అట్లనే ఉండనీ.