జంట 555 కిట్టు: కొనొచ్చు, కానీ ముందు 104 కెపాసిటర్లు వేయండి

ఒంగోలు పార్ట్స్ షాపులో డిప్లొమా, ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టుల కోసం అమ్మే కిట్టు ఇది. ఒకే బోర్డు మీద రెండు 555 టైమర్ ఐసీలు, రెండూ ఆగకుండా పల్సులు ఇస్తుంటాయి. మొదటిది రెండోదాన్ని తన వేగానికి లాగి కలిపి నడిపించడం, అంటే లాక్, చూపడమే దీని పని. మొదటిదానికి 1కె, 68కె రెసిస్టర్లు, 103 (0.01 మైక్రోఫారడ్) కెపాసిటర్. లెక్కకు 1050 హెర్ట్జ్. రెండోదానికి 68కె బదులు 62కె, దానికి సిరీస్‌లో 10కె ప్రీసెట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్). సుమారు 990 నుంచి 1150 దాకా తిప్పుకోవచ్చు. మొదటిదాని 3వ పిన్ (అవుట్‌పుట్) నుంచి రెండోదాని 5వ పిన్‌కి (ఐసీ మారే హద్దు వోల్టేజీని కదిపే కంట్రోల్ పిన్) 100కె రెసిస్టర్, రెంటినీ కలిపేది అదే. బోర్డు గట్టిదే, సోల్డరింగ్ బాగా పడుతుంది.

చిక్కంతా ఆ 100కె పీకేసినా రెండూ కలిసే నడవడంలో ఉంది! సప్లైకి డీకప్లింగ్, అంటే కుదుపుల్ని మింగే కెపాసిటర్లు, ఇవ్వలేదు. మామూలు 555 అవుట్‌పుట్ మారే క్షణంలో కరెంటు ఒక్కసారిగా గుంజుతుంది, 9 వోల్టుల బ్యాటరీ కుంగుతుంది. రెండో ఐసీ ట్రిప్ అయ్యే (అవుట్‌పుట్ మారే) హద్దు సప్లైలో మూడింట రెండొంతులు కదా, అదీ దిగి ముందే ట్రిప్ అవుతుంది. లాక్ చేసింది బ్యాటరీ, పిల్లలు రాసే ప్రాజెక్టు రికార్డులో పేరు మాత్రం రెసిస్టర్‌ది.

ఒక్కో ఐసీకి 8, 1 పిన్‌ల మధ్య దగ్గరగా 104 (0.1 మైక్రోఫారడ్), పక్కనే 100 మైక్రోఫారడ్, సప్లై దారిలో విడివిడిగా 47 ఓమ్‌లు వేయండి. ఇప్పుడు 100కె తీస్తే విడిపోవాలి, పెడితే కలవాలి. 5వ పిన్ లోపలి నిరోధం 3.3కె గనక 100కెతో చేరేది 0.3 వోల్టులే, లాక్ ఇంకా వెడల్పుగా కావాలంటే 47కె. రెండో ఐసీ 5వ పిన్ నుంచి గ్రౌండ్‌కి ఇచ్చిన 104 మాత్రం తీసేయాలి, సిగ్నల్‌ని సగానికి పైగా అదే తినేస్తుంది.

తరంగాలు చూపే ఆసిలోస్కోపు లేకపోతే రెండు అవుట్‌పుట్లనూ చెరో 1కెతో ఒకే పీజో బజర్ బిళ్లకి ఇచ్చి వినండి. ప్రీసెట్ తిప్పి రెంటినీ దగ్గరికి తెచ్చేకొద్దీ బీట్ (రెండు స్వరాల తేడాకి ధ్వని ఎక్కి దిగడం) నెమ్మదిస్తుంది, లాక్ అంచున కుంటుతుంది, తర్వాత ఆగిపోతుంది. కిట్టుతో ఇచ్చిన కాగితంలో "రెండూ ఒకే ఫేజ్" (రెండూ ఒకే క్షణంలో మారతాయి) అని రాశారు, తప్పు. లాక్‌లో ఉండగా ప్రీసెట్ తిప్పితే ఫ్రీక్వెన్సీ కదలదు, ఫేజ్ తేడా మారుతుంది. చూడాల్సిన ముచ్చట అదే, దాన్నే వదిలేశారు.

103లు సెరామిక్ డిస్కువి ఇచ్చారు. మన మే ఎండకి విలువ జారిపోతుంది. బాక్స్ (ఫిల్మ్) కెపాసిటర్లు అడిగి మార్చుకోండి. బ్యాటరీ ఆదా అని 7555 (తక్కువ కరెంటు తినే సీమాస్ 555) పెట్టేవాళ్లు 100కెని అలాగే ఉంచకూడదు: దాని లోపలి డివైడర్ రెసిస్టర్లు ఒక్కోటి సుమారు 100కె, కాబట్టి 2.2 మెగ్ వేయాలి.