సీకో 6139: చాలా ఏళ్లు కట్టుకున్నాక నా మాట

సీకో 6139 జపాన్ కంపెనీ సీకో చేసిన పాత క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న చేతి గడియారం. ఇలాంటి పాత వాచీలో మెరుపు చూసి మోసపోకండి. చూడాల్సింది కేసు, అంటే వాచీ బయటి లోహపు చట్రం, దాని అంచులు. నా పసుపు డయల్ సీకోలో అవి ఇప్పటికీ పదునుగానే ఉన్నాయి, పైభాగంలో ఫ్యాక్టరీ గీసిన సన్నని గీతలు కూడా చెరగలేదు. విజయనగరం గంటస్తంభం దగ్గర వాచీలు బాగుచేసే పెద్దాయన మూత తీయకముందే కేసు అంచుని వేలితో తడిమి, "బాబూ, దీనికి పాలిష్ మాత్రం పట్టించకండి" అన్నారు. ఒకసారి అరిగిన లోహం మళ్లీ రాదు. డయల్ కూడా అంతే. రంగు కాస్త వెలిసినా పాతదే ఉండాలి, కొత్తగా ముద్రించింది వేస్తే సేకరించేవాళ్లు ముట్టుకోరు.

1969లో ఆటోమేటిక్ (చేతి కదలికతో దానంతటదే కీ తిరిగే) క్రోనోగ్రాఫ్ కోసం మూడు వర్గాలు పోటీపడ్డాయి: జెనిత్, హోయర్-బ్రైట్లింగ్ బృందం, సీకో. 6139 ఆ ఏడాది మేలోనే జపాన్ దుకాణాల్లోకి వచ్చింది. 1973 నవంబరులో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌కి వెళ్లిన వ్యోమగామి విలియం పోగ్ ఇలాంటి పసుపు డయల్ వాచీనే వెంట తీసుకెళ్లాడు. అందుకే దీన్ని అందరూ 'పోగ్' అంటారు.

వాడకంలో నాకు బాగా నచ్చింది స్టాప్‌వాచ్ బటన్. నొక్కగానే ముల్లు ఎగిరిపడదు, నెమ్మదిగా కదలడం మొదలుపెడుతుంది. లోపల స్టాప్‌వాచ్‌ని వాచీ యంత్రంతో కలిపే నిలువు క్లచ్ పనితనం అది. ఇందులో వేరే సెకన్ల ముల్లు లేదు, స్టాప్‌వాచ్ ఆపేస్తే చూసినవాళ్లు వాచీ ఆగిపోయిందనుకుంటారు. పెద్దచెరువు గట్టు మీద పొద్దున నడిచేటప్పుడు నేను దీంతోనే టైం చూసుకుంటాను. కింది చిన్న డయల్ 30 నిమిషాల వరకే లెక్కపెడుతుంది, నాకు అది చాలు.

ఇబ్బందులూ ఉన్నాయి. దీనికి చేత్తో కీ ఇవ్వడం కుదరదు, రెండు రోజులు అల్మారాలో పెడితే ఆగిపోతుంది. మా మే నెల చెమటకి తోలు పట్టీ నిలవదు, స్టీలు గొలుసే మేలు. డయల్ మీద ఏం రాసున్నా నీళ్లు మాత్రం తగలనివ్వకండి.

కొనేటప్పుడు స్టాప్‌వాచ్ ఆపి రీసెట్ నొక్కండి, స్టాప్‌వాచ్ సెకన్ల ముల్లు, చిన్న డయల్ ముల్లు రెండూ సరిగ్గా సున్నా దగ్గరికి రావాలి. కిరీటం (టైం సరిచేసే పక్క మర) తిప్పితే లోపలి రింగు తిరగాలి. వెనక మూత మీది సీరియల్ నంబరులో మొదటి అంకె తయారైన సంవత్సరంలోని చివరి అంకె, రెండోది నెల. సర్వీసింగ్ ఖర్చు ముందే ధరలో కలిపి బేరమాడండి.